చక్రం తిప్పలేని ఊరా మనది?

బెజవాడ పరువు పోయేలా ఉంది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాయాల్సి వస్తోంది.

ఢిల్లీలో చక్రం తిప్పినవాళ్లున్నారు, హైదరాబాదులో తిప్పినవాళ్లున్నారు. బెంజి సర్కిల్ దగ్గర టీ గ్లాసు చేత్తో పట్టుకుని రెండు చోట్లా ఒకేసారి తిప్పేవాళ్లయితే సాయంత్రం ఆరు దాటాక లెక్కకు అందరు. అలాంటి ఊళ్లో, ఆటోనగర్‌లో మా మేనమామ లేతు షాపు వెనక రేకుల షెడ్డులో, ఆరడుగుల ఇనప చక్రం ఒకటి రెండేళ్లుగా తిరగనంటోంది.

చక్రంలో లోటేమీ లేదు. ఇరుసుకు లారీ హబ్బు బేరింగులు. చుట్టూ ఎనిమిది చేతులు, ఒక్కో చేతికి మడతబందు, చివర్న కిలో గుండు. కుడివైపు దిగేటప్పుడు చెయ్యి బార్లా చాచుకుంటుంది, ఎడమవైపు ఎక్కేటప్పుడు ముడుచుకుంటుంది. దూరంగా ఉన్న బరువుకి బలం ఎక్కువ కదా, కాబట్టి కుడివైపు ఎప్పుడూ మొగ్గే. చక్రం ఎప్పుడూ తిరుగుడే. ఓ డైనమో తగిలిస్తే కరెంటు బిల్లు ఎప్పుడూ సున్నాయే. రోహిణి కార్తెలో ఈ ఊళ్లో ఫ్యాను కింద పడుకున్నవాడెవడూ ఈ వాదాన్ని కాదనలేడు.

మొన్న మావయ్య నా కళ్లముందే ఒక్క తోపు తోశాడు. గుండ్లు టకటకలాడుతూ నాలుగు చుట్లు తిరిగింది. అయిదో చుట్టు సగంలో ఏదో గుర్తొచ్చినట్టు నెమ్మదించి, కాస్త వెనక్కి ఊగి, ఆగిపోయింది.

"గ్రీజు చాల్లేదురా అల్లుడూ" అన్నాడు.

రెండేళ్లుగా ఆ బేరింగులు తాగిన గ్రీజుతో ఓ లారీ కలకత్తా వెళ్లి రావచ్చు. నేను సుద్దముక్క తీసుకుని చక్రం ఆగిన చోటే లెక్క వేశాను. దిగే వైపు చాచుకున్న గుండ్లు 3. ఎక్కే వైపు ముడుచుకున్నవి 5. ఇరుసు నుంచి అడ్డంగా కొలిస్తే అటువి సగటున 20 అంగుళాల దూరం, ఇటువి 12. మూడు ఇరవైలు 60, అయిదు పన్నెండ్లు 60. మా వీధి వినాయక చవితి చందాల సంగతీ ఇదే: చెయ్యి చాచి ఇచ్చేవాళ్లు ముగ్గురు, ముడుచుకునేవాళ్లు అయిదుగురు, ఖాతా ఎక్కడిదక్కడే.

అసలు నా ఫిర్యాదు భూమ్యాకర్షణ మీద. ఈ ఊళ్లో ఏ పనికైనా ఎవరో ఒక "మనవాడు" దొరుకుతాడు. ఆ శాఖలో మాత్రం మనవాళ్లెవరూ లేరు. గుండు పైనుంచి కిందికి దిగితే ఎంత ఇస్తుందో, మళ్లీ పైకెక్కేటప్పుడు అణా పైసలతో సహా అంతా పట్టుకుంటుంది. చెయ్యి చాచి ఎక్కావా, ముడుచుకుని ఎక్కావా అని కూడా చూడదు, ఎత్తు ఒక్కటే చూస్తుంది. చుట్టు పూర్తయ్యేసరికి ప్రతి గుండూ బయల్దేరిన చోటికే వస్తుంది, మిగిలింది సున్న. ఇక బేరింగు రాపిడి, గాలి, గుండ్ల చప్పుడు, వీటన్నిటి కమీషనూ మావయ్య తోసిన ఆ ఒక్క తోపులోంచే పోవాలి. నాలుగు చుట్లలో అది కాస్తా ఖర్చయిపోయింది.

మావయ్య దగ్గర సాక్షులు లేకపోలేదు. 1150 నాటి సిద్ధాంత శిరోమణిలో భాస్కరాచార్యుడు బోలు చువ్వల్లో సగం వరకు పాదరసం పోసిన చక్రం గురించి చెప్పాడు. చెప్పింది మనవాడు కాబట్టి తిరిగి తీరాలని మావయ్య పట్టు. 1717లో జర్మనీలో బెస్లర్ అనే ఆయన పెద్ద చక్రం చేసి కోట గదిలో పెడితే, తలుపుకి సీలు వేసి 54 రోజుల తర్వాత తీసినా తిరుగుతూనే ఉందట. లోపలేముందో మాత్రం డబ్బిస్తేనే చూపిస్తానన్నాడు. ఓ పండితుడు ఇరుసుని కాస్త తేరిపార చూసేసరికి కోపంతో చక్రాన్నే బద్దలుకొట్టేశాడు. 1727లో ఆ ఇంటి పనిమనిషి, "పక్క గదిలోంచి మేమే తిప్పేవాళ్లం" అని చెప్పేసింది. జీతం సరిగ్గా ఇచ్చుంటే ఈ గొడవే ఉండేది కాదు.

1775లో పారిస్ సైన్స్ అకాడమీ ఇలాంటి యంత్రాల అర్జీలు ఇక చూడమని తలుపు వేసేసింది. మన 1970 పేటెంట్ల చట్టంలోనూ మూడో సెక్షన్, ప్రకృతి నియమాలకి విరుద్ధమైనది ఆవిష్కరణే కాదంటుంది. మావయ్య దృష్టిలో ఇది కరెంటోళ్ల కుట్ర.

"మరి సాగర్‌లో నీళ్లు కిందికి దిగే కదరా కరెంటు వచ్చేది?" అని నిలదీశాడు.

దిగిన నీళ్లని ఆవిరి చేసి, మేఘాల్లో మోసుకెళ్లి, మళ్లీ మహాబలేశ్వరం కొండమీద కుమ్మరించేవాడు సూర్యుడని చెప్పాను. కూలి అడగడు కాబట్టి ఆయన పేరు మనం లెక్కలో రాయం.

"ఎండ సంగతైతే మనూరి తర్వాతే ఎవరైనా. ఆ లెక్కన ఇది ఇంకా జోరుగా తిరగాలి" అన్నాడు మావయ్య.

చివరికి తప్పు చక్రానిది కాదు, చోటుదని తేల్చాడు. వారధి దాటి గుంటూరు తీసుకెళ్తే తిరుగుద్దట. అక్కడ అత్తయ్య పుట్టింటివారి ఖాళీ స్థలం ఉంది. ఆదివారానికి మినీ లారీ మాట్లాడాడు. బెజవాడ చక్రాన్ని గుంటూరోళ్లు తిప్పితే మన మొహం ఎక్కడ పెట్టుకోవాలని నేను బాధపడుతుంటే, ఆయన ఇంకేదో లెక్క వేస్తున్నాడు.

"రెండు క్వింటాళ్లుంటదిరా. పొద్దున్నే ఆరుగురు కావాలి, నిన్ను కూడా రాసుకున్నా."

"మరి అక్కడ దించడానికి?"

"దించడానికి మనుషులెందుకురా? బల్ల వాలిస్తే అదే జారుద్ది. ఎక్కించడమే కష్టం."