బాలానగర్ గుట్ట మీది సీతాఫలం చెట్టు గారికి

మహారాజశ్రీ సీతాఫలం చెట్టు గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

మీ స్థానికత మీద నాకో అనుమానం ఉంది. మీ పుట్టిల్లు అమెరికా ఖండపు వేడి ప్రాంతాలట. పోర్చుగీసువాళ్ల ఓడలో వచ్చారంటారు. 1753లో మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన లినేయస్ పుస్తకంలో మీ పేరు అనోనా స్క్వామోసా, అంటే పొలుసుల ఒంటివాడు. ఇక్కడికొచ్చి ఏకంగా సీతమ్మ పేరు పెట్టుకున్నారు! అది చాలక ‘బాలానగర్’ అని మీ రకానికి మా ఊరి పేరే రాయించుకున్నారు. ఇక్కడే పుట్టిన నన్ను మాత్రం నివాస ధ్రువపత్రం కోసం ఓ ఆఫీసువాళ్లు నాలుగుసార్లు తిప్పారు.

రాళ్ల గుట్ట మీద, వాన లేని పాలమూరులో ఎలా నిలబడ్డారో చిన్నప్పుడే చూశాను. ఎండలు ముదిరితే ఆకు రాల్చేసి కూర్చుంటారు. ఉన్న ఆకునేమో మేక కూడా ముట్టదు. ఎద్దు పుండుకు పురుగు పడితే తాత ఆ ఆకే నూరి కట్టేవాడు. మీ గింజల్లో ఎసిటోజెనిన్లని ఉంటాయి, పురుగు కణాల్లో శక్తి తయారుకాకుండా అడ్డుపడతాయి. ఇవేవీ తెలియని అమ్మ గింజలు దంచి నూనెలో కలిపి నా తలకు పట్టించేది. పేలు చచ్చేవి. ‘కండ్లు మూసుకో’ అని నెత్తిన మొట్టేది కూడా. ఆ పొడి కంట్లో పడితే చూపుకే ముప్పని ఆమెకు ఏ డాక్టరూ చెప్పలేదు.

మీ సంసారమే నాకు అర్థం కాదు. తల వంచుకుని పూసే మూడు రేకుల పువ్వు, ముందు ఆడది, తర్వాత మగది. పుప్పొడి రాలే వేళకు దాన్ని అందుకోవాల్సిన కీలాగ్రం పని అయిపోతుంది. ఒక పువ్వు పుప్పొడిని ఇంకో పువ్వుకు మోసే చిన్న పెంకు పురుగులు రాకపోతే కాయే లేదు. హైదరాబాద్‌లో మొగుడు పగలు, పెళ్లాం రాత్రి డ్యూటీ చేసే మా చుట్టాల ఇల్లు గుర్తొస్తుంది. అయినా ఒక్క పువ్వులోని బోలెడు అండాశయాలు అతుక్కుని ఒకే పండవుతాయి. ఒక్కో కన్నూ ఒక్కో చిన్న పండే! మా ఉమ్మడి ఇల్లు అలా అతుక్కోలేదు. కరువుకి కొందరు బొంబాయి, కొందరు పూణే. మీరు సముద్రం దాటి వచ్చిన గుట్ట నుంచే మావాళ్లు వలసపోయారు.

మొన్న దసరాకి ఊరికి వస్తూ హైవే పక్కన కారు ఆపాను. గంపలో కండ్లు తెరిచిన కాయలు. అమ్మే పెద్దమ్మ చెప్పిన ధరకు ‘ఇవి మా గుట్టవే కదా’ అన్నాను, తగ్గిస్తుందని.

‘మీ గుట్టనే అయితే ఎక్కి తెంపుకోరాదు బిడ్డా?’ అంది.

అడిగినంత ఇచ్చేశాను.

ఇట్లు,
కారు అద్దం దించి మిమ్మల్ని కొనుక్కున్న
మీ ఊరివాడు