ఏకు మేకైంది సరే, మధ్యలో ఈ గిటారెక్కడిది?

నెల్లూరు ప్రజలకు ముఖ్య ప్రకటన. 'ఏకు మేకైంది' అనే సామెత గిటార్‌లోంచి పుట్టిందని తేలిపోయింది. తేల్చింది మా వీధి పెద్దాయన. రిటైరైనప్పట్నుంచీ ఆయన టీ కూడా తాగకుండా ఒక్కో సామెతకీ పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఖాయం చేసి వాట్సాప్‌లో వదులుతుంటాడు. కింద మూడు దండాలు, ఒక జెండా, 'నిజమైన తెలుగువాడివైతే పదిమందికి పంపు' అనే బెదిరింపు. మీ వీధిలోనూ ఒకాయన ఉంటాడు, నాకు తెలుసు, పేరు చెప్పక్కర్లేదు.

కథేమిటంటే, కుంఫిణీ రోజుల్లో నెల్లూరులో ఒక కలెక్టరు దొర ఉండేవాడట. ఆయనకి గిటార్ పిచ్చి. ఒక సాయంత్రం పెన్న గాలికి వరండాలో కూర్చుని వాయిస్తుంటే తీగ చివర దూదిలా చీలిపోయి గిటార్ మేకుకి చుట్టుకుందట. చేపల పులుసు పట్టుకొచ్చిన వంటవాడు అది చూసి 'దొరా, ఏకు మేకైంది' అన్నాడట. దొర మెచ్చుకుని కాగితం మీద రాయించాడట. ఇంతే, చరిత్ర పూర్తి.

నాకు అభ్యంతరం లేదు. అంత మంచి సాయంత్రాన్ని ఒక్క సామెతతో వదిలేయడమే నచ్చలేదు. సన్న తీగ మీటితే నాలుగు వీధులకు వినపడి ఉంటుంది కాబట్టి 'పిట్ట కొంచెం కూత ఘనం' కూడా అక్కడే పుట్టాలి. ఊడిన మేకు వెళ్ళి పెన్నలో పడితే, దొర బూట్లు విప్పి బురదలో దిగి వెతికి, తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వంటవాడు 'అడుసు తొక్కనేల కాలు కడగనేల' అనకుండా ఉంటాడా? మేకు దొరక్క పాట కుదరక దొర గిటార్‌ని తిట్టబోయి, సీమ నుంచి ఓడలో తెప్పించుకున్నది కదా అని మనసొప్పక, పక్కింటాయన మద్దెలని తిట్టాడు, అదే 'ఆడలేక మద్దెల ఓడు'. పాపం ఆ వంటవాడికి పులుసు వడ్డించే తీరిక కూడా దొరికి ఉండదు, తెలుగు భాష మొత్తం ఆ రాత్రి ఆయన నోట్లోంచే రావాలి మరి.

ఇక ఆ మేకు సంగతి. గిటార్ దుకాణాల్లో దాన్ని బ్రిడ్జి పిన్ను అంటారు. స్టీలు తీగల అకౌస్టిక్ గిటార్‌కి మామూలుగా ఆరుంటాయి. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి అసలుండవు, తీగని బ్రిడ్జికే, అంటే గిటార్ పొట్ట మీద అతికించిన చెక్కముక్కకే, ముడేస్తారు. కుంఫిణీ దొర గిటార్‌కి ఉండేవి గొర్రె పేగుతో చేసిన తీగలు, స్టీలు తీగలు మామూలైంది 1920ల్లో. అంటే పెద్దాయన లెక్కే నిజమైతే సామెతలో ఏకుకి బదులు గొర్రె ఉండాలి.

ఇప్పటి స్టీలు తీగ చివర చిన్న గుండు ఉంటుంది. బ్రిడ్జి కింద, గిటార్ పొట్ట లోపల అతికించిన గట్టి చెక్కపలకకి ఆ గుండు ఆనుకోవాలి. గుండు జారి బయటికి రాకుండా అడ్డం నిలబడటమే పిన్ను ఉద్యోగం. ఆరు తీగలూ కలిపి లాగేది దాదాపు 70 కిలోలు, ఆ లాగుడు కాచేది కింద ఉన్న పలక. గుండు పలకకి ఆనకుండా పిన్ను మొన మీద కూర్చుందా, శ్రుతి చేస్తుండగానే పిన్ను టప్పున లేచి మంచం కిందకి పోతుంది. దాన్ని సుత్తితో దిగ్గొట్టే మహానుభావులు ఉన్నారు. తీగ చివర కాస్త వంచి లోపలికి దించి, పిన్ను పెట్టి, తీగని పైకి ఒక్క లాగు లాగితే సరిపోతుంది. కానీ దుకాణంలో ఈ మాట చెప్పరు, 'ఎముక పిన్నులు వేయించండి సార్, ఇత్తడివైతే ఇంకా సూపరు, సౌండే మారిపోద్ది' అంటారు. మారుతుంది, కొంచెం. జేబు బరువు ఇంకా బాగా మారుతుంది.

పైకి కనపడే బొడిపెకేమో ఎముకా, ఇత్తడీ, నెత్తిన ముత్యపు చుక్కా. లోపల లాగుడు కాచే పలక మొహం చూసినవాడు లేడు. సామెతల కథలదీ అచ్చం ఇదే వరస.

ఈ జబ్బు మనకొక్కళ్ళకే కాదులెండి. 1500ల నాటి జీవితం అంటూ 1999లో ఇంగ్లీషులో ఒక ఈమెయిల్ ఊరేగింది. చనిపోయాడనుకుని పూడ్చిపెట్టినవాడు లోపల్నుంచి గంట కొట్టి బతికిపోయేవాడట, 'గంట కాపాడింది' అనే మాట అక్కడిదేనట. ఆ మాట బాక్సింగ్ రింగులోది. దెబ్బలు తినేవాడిని రౌండు ముగిసిన గంట కాపాడుతుంది, అంత మామూలు సంగతి. కానీ శవపేటిక లేకపోతే ఫార్వర్డ్ కాదు కదా.

ఏకంటే ఏమిటో ఆ పెద్దాయన ఒక్కసారైనా కనుక్కున్నాడా? గింజ తీసిన పత్తిని వింటితో ఏకి, పుల్లకి చుట్టి లాగేస్తే వచ్చే మెత్తటి దూది చుట్ట అది. రాట్నం ముందు కూర్చుని నూలు వడికేది దాంతోనే. అంత మెత్తగా చేతిలోకి వచ్చింది మేకై గుచ్చుకోవడమంటే ఏమిటో, ఆ మెత్తదనం రోజూ పట్టుకున్న చేతికి తెలుస్తుంది. దూదేకులవాళ్ళ పేరులోనే ఆ పని ఉంది, మన పక్క వీధుల్లోనే ఉన్నారు. 1921లో గాంధీ వచ్చి ప్రారంభించిన పల్లిపాడు ఆశ్రమం ఇక్కడికి ఎంత దూరం? రాట్నం తిప్పిన చోటది. ఈ మాట ఫలానా రోజు ఫలానావాడు అన్నాడని రాసిపెట్టి లేదు, ఎందుకుంటుంది, నూలు వడికే ఆడమనిషి పక్కన గుమాస్తా కూర్చుంటాడా? అయితే మాత్రం ఆమె నోట సామెత పుట్టదా? నడుము విరిగేలా దూది ఏకినవాడికి ఉపమానం తట్టదా? దొర తుమ్మితే తప్ప, రాజు దగ్గితే తప్ప మనకి భాష రాదా? వాళ్ళ పని పోయింది, కూలి పోయింది, మిగిలిన ఒక్క మాటనీ లాక్కెళ్ళి తెల్లోడి వరండాలో కట్టేసి, కింద దండాలు పెట్టి పంపడానికి సిగ్గుండాలి!

ఇదంతా ఆయన మొహం మీదే అన్నాను. 'నువ్వు చిన్నోడివి అబ్బయా' అని నవ్వి, రేపటి ఫార్వర్డ్ వినిపించాడు. 'రొట్టె విరిగి నేతిలో పడ్డట్టు' అనే సామెత మన రొట్టెల పండుగలోంచి వచ్చిందట, దర్గా పక్కన స్వర్ణాల చెరువు గట్టున.

'రొట్టెలు మార్చుకునేది నీళ్ళల్లో నిలబడి కదా పెదనాయనా, చెరువులో నెయ్యేంది?' అన్నాను.

'అప్పుడు చెరువు నిండా నెయ్యే అబ్బయా, దొరలొచ్చి తాగేశారు.'