‘అటు పోతే మైనస్’ అని ఇంకోసారి పంపకుండ్రి

ఈ వారంల నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదలు దోస్తుల గ్రూపుల, తర్వాత కాలనీ గ్రూపుల, మూడోసారి మా మేనమామ పంపిండు, నిన్న రాత్రి పిల్లల తల్లిదండ్రుల గ్రూపుల. "ఏ సమీకరణమైనా పది సెకండ్లలో! బ్రిటిషోళ్లు దాచిన మన పూర్వీకుల రహస్యం" అట. సమానం గుర్తు ఒక వంతెన, దాన్ని దాటిన ప్రతి అంకె గుర్తు మార్చుకుంటదట. ముందు భాగించాలె, తర్వాత తీసేయాలె. స్టెప్పులు రాసుడు దండగ. పది మందికి పంపితే మీ పిల్లకు నూటికి నూరు.

ఆఖరిదానికి జవాబు అక్కర్లేదు. స్టెప్పులకే మార్కులున్నయి, ఆ ముచ్చట గూడ అయిపాయె.

నా ఒళ్లు మండింది వంతెన కాడ. ట్యూషన్‌కు వచ్చే ఏడో తరగతి పాప మొన్న 3ఎక్స్ = 12 కింద ఎక్స్ = 9 అని రాసింది. ఎట్ల బిడ్డా అంటే, "మూడు అటు పోతే మైనస్ మూడు గదా సార్, పన్నెండుల మూడు పోతే తొమ్మిది. అమ్మ ఫోన్ల ఉంది." మూడు తొమ్ములు ఎంత అని అడిగిన. ఇరవై ఏడు అన్నది. మరి ఈడ పన్నెండే ఉంది గదా అంటే పెన్సిల్ కొరుక్కుంట కూసున్నది. -3ఎక్స్ = 12 ఇస్తే ఇంకా సొగసు: మైనస్ మూడు వంతెన దాటి ప్లస్ మూడైంది, పన్నెండును దానితోని భాగిస్తే జవాబు 4. అసలుది -4.

అంకెలకు కాళ్లు లేవు. మా తాత బత్తాయిలు జోకిన పాత తరాజు తెచ్చి ఆ పాప ముందల పెట్టిన. ఇటు పల్లెంల సరిసమానంగ మూడు బత్తాయి సంచులు, ఒక రెండు కిలోల బాటు. అటు 14 కిలోల బాట్లు. ముల్లు నడుమ నిలవడ్డది. ఇటు రెండు కిలోలు తీస్తే పల్లెం లేస్తది, అందుకే అటు గూడ రెండు తీసినం. మిగిలినయి మూడు సంచులు, 12 కిలోలు. ఇగ సంచి ఎంత? ఆ మూడును ఎవ్వరం అటు మోసుకపోలే. రెండు దిక్కుల మూడు వంతులు చేసినం, నాలుగు కిలోలు. కలిపినదానికి విరుగుడు తీసేసుడు, హెచ్చించినదానికి భాగించుడు. అన్ని రోగాలకు ఒక్కటే గోలీ ఇచ్చే డాక్టర్ కాడికి మీ పిల్లను తోల్కపోతరా?

ఇగ రహస్యం. క్రీ.శ. 499 ప్రాంతంల ఆర్యభటుడు ఆర్యభటీయం గణితపాదం 28వ శ్లోకంల బాజాప్త రాసిండు: ఉల్టా పోయేటప్పుడు గుణకాలు భాగహారాలైతయి, భాగహారాలు గుణకాలైతయి, కూడిక తీసివేత అయితది, తీసివేత కూడిక అయితది. మీ మెసేజ్‌ను కొట్టేసింది ఆ పూర్వీకుడే. మీ ‘వంతెన’ను 1557ల పుస్తకంల పెట్టినాయన రాబర్ట్ రికార్డ్, ఆ బ్రిటిషోళ్లల్లనే ఒకడు. రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఏముంటయని గీసిండు గని, దాటనీకి కాదు.

ముందు భాగించుడు? 2ఎక్స్ + 6 = 20 తీసుకోండ్రి. నల్లగొండ నుంచి పట్నం పోంగ నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ వస్తయి. వాపస్ వచ్చేటప్పుడు మొదలు చౌటుప్పలే. ఎక్స్‌ను రెట్టింపు చేసి తర్వాత 6 కలిపిండ్రు, విప్పేటప్పుడు మొదలు 6 తీయాలె. 14 వచ్చె, సగం 7. మెసేజ్‌ల మాత్రం 20ని రెండు పెట్టి భాగించి, 10లకెల్లి 6 తీసి, 4 అని చప్పట్లు కొట్టుకున్నరు. పాపం ఆ 6ను భాగించెటోడే లేడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలె. ఆ 6ను గూడ భాగిస్తే ముందు భాగించుడు తప్పు కాదు. ఎక్స్ + 3 = 10, ఏడే వస్తది. 2(ఎక్స్ + 3) = 20 అయితే గదే సులువు తొవ్వ. ఆరేండ్ల కింద ఒక పోరడు గట్లనే రాస్తే, నేను చెప్పిన వరుస కాదని ఎర్ర పెన్నుతోని కొట్టేసిన. కింద 7 అని సక్కగ ఉన్నా కొట్టేసిన. మొన్న బస్టాండ్ల కనవడితే, తప్పు నాదేరా అని చెప్పిన. వానికి యాదికే లేదు.