సినిమా అమ్మాయి దిండు కింది డైరీ గారికి బహిరంగ లేఖ

డైరీ గారూ, నమస్కారం.

ఎలా ఉన్నారని అడగనండి, మీరెలా ఉంటారో అందరికీ తెలిసిందే, గులాబీ రంగు అట్ట, మధ్యలో ఓ నెమలీక, చివరి పేజీలో ఎవడిదో పేరు. ఇంటర్వెల్ అయిన కాసేపటికి నాన్నగారి చేతిలో పడతారు, ఆయన నిలబడే చదువుతారు, వెనకాల ఆ అమ్మాయి గొంతు ఎకోలో వినిపిస్తుంది, ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటారు, పెళ్లి ఓకే. పదహారేళ్ల పిల్ల మనసంతా మీలో పోసిందని మేం నమ్మాలి, తీరా చూస్తే ఉన్నవి రెండే ఐటమ్స్, ఒకటి వాడు, రెండు మా నాన్న దేవుడు.

మరి మిగతావి ఎక్కడ రాసుకుంటుందండీ ఆ పిల్ల? బెస్ట్ ఫ్రెండుకి తనకంటే బెస్ట్ ఫ్రెండ్ దొరికిందన్న కుళ్లు, దేవుడు నిజంగా ఉన్నాడా అని అర్ధరాత్రి వచ్చే డౌటు, పిన్ని వాళ్లింట్లో పుట్టుంటే బాగుండేదన్న ఆలోచన, అమ్మ గట్టిగా నవ్వితే నలుగురిలో వచ్చే చిరాకు, ఆ చిరాకు వచ్చినందుకు మళ్లీ తన మీద తనకే ఏడుపు... ఇవేవీ కథకి పనికిరావు కదా. పెద్దవాళ్ల ప్రాబ్లమ్ తీరడానికి ఎంత మనసు కావాలో అంతే ఉంటుంది మీలో, కండక్టర్ చిల్లర లెక్కపెట్టి ఇచ్చినట్టు.

అబ్బాయిలకైతే మీరు కూడా దిక్కు లేరు. వాడికి లోపల ఏదో ఉందని మాకు తెలియాలంటే డాబా, మందు సీసా, పక్కన కామెడీ ఫ్రెండ్ ఉండాల్సిందే. ఇంటర్ సెకండియర్ కుర్రాడి వేషం వేసే హీరోకి ఎలాగూ ముప్పై దగ్గరపడి ఉంటాయి కాబట్టి సీసా సూటవుతుందిలెండి.

ఇక హాస్టల్ కథలు. బంక్ బెడ్డు, స్టడీ అవర్స్, వార్డెన్ అరుపులు అన్నీ కరెక్టుగా చూపిస్తారు, పిల్లాడి బుర్రలో మాత్రం ర్యాంకు ఒక్కటే తిరుగుతుంటుంది. ఆ స్టడీ అవర్‌లో రఫ్ నోట్స్ వెనక పేజీల్లో వాడు గీసుకునే బొమ్మలేంటో ఏ రైటరూ తిప్పి చూడడు.

మీ చుట్టాల్లో గొప్పవాళ్లు లేరని కాదు. 1942 జూన్ 12న ఆమ్‌స్టర్‌డామ్‌లో యాన్ ఫ్రాంక్‌కి (రెండో ప్రపంచయుద్ధంలో నాజీల నుంచి దాక్కుని డైరీ రాసిన యూదు అమ్మాయి) 13వ పుట్టినరోజు గిఫ్టుగా వచ్చిన ఆ గళ్ల అట్ట పుస్తకం మీ బంధువే (అది కథ కాదు, నిజం, తెలుసు, అందుకే చెప్తున్నా). ఆ పిల్ల కిట్టీ అని లేని ఫ్రెండుకి ఉత్తరాలు రాసుకుంది, అమ్మ మీద కోపం కూడా అందులో రాసుకుంది. 1944లో రేడియోలో డచ్ మంత్రి ఒకాయన యుద్ధకాలం డైరీలు, ఉత్తరాలు జాగ్రత్త చేయమంటే విని, రాసిందంతా ముందేసుకుని తనే తిరగరాయడం మొదలుపెట్టింది, ఏది బయటికి వెళ్లాలో ఏది వెళ్లకూడదో పద్నాలుగేళ్లకే ఎడిటింగ్! అంతకుముందే రెండు పేజీలకి బ్రౌన్ పేపర్ అంటించి మూసేసింది కూడా. 2018లో ఫొటోలు తీసి, కంప్యూటర్లో పెట్టి ఆ పేజీలూ చదివేశారు, చూస్తే కొన్ని బూతు జోకులు, సెక్స్ గురించి తనకి తెలిసిందేదో కాస్త. రీసెర్చ్ వాళ్ల పని వాళ్లు చేశారు, నాకైతే ఆ జోకులకంటే బ్రౌన్ పేపరే ముచ్చటేసింది. మీలో అలా అంటించిన పేజీ ఒక్కటి ఉందా చెప్పండి? అంటించి, ఎవరూ పీకకుండానే శుభం కార్డు పడిన సినిమా?

కల్పనలో కావాలంటే 1982లో స్యూ టౌన్‌సెండ్ అనే ఇంగ్లిష్ రచయిత్రి ఒక డైరీ నవల రాసింది, పిల్లాడి పేరు ఏడ్రియన్ మోల్, వయసు 13¾. మొటిమల గురించీ, తను పెద్ద మేధావినన్న విషయం గురించీ ఒకే సీరియస్‌నెస్‌తో రాసుకుంటాడు, కళ్లముందే అమ్మానాన్నల కాపురం కూలుతుంటే వాడికి సగమే ఎక్కుతుంది, మిగతా సగం చదివేవాళ్లకి అర్థమవుతుంది. అందులో వాడు నవ్వొచ్చేలా ఉంటాడు, మీ ఓనరమ్మలా పవిత్రంగా ఉండడు.

ఇంకోటి, మీ ఉద్యోగం కూడా ఎప్పుడో పోయిందండీ. ఇప్పటి పిల్లలకి ఇన్‌స్టాలో చుట్టాలు చూసే అకౌంట్ ఒకటి, నలుగురే చూసే ప్రైవేట్‌ది ఇంకొకటి, అందులోనూ క్లోజ్ ఫ్రెండ్స్‌కి ఆకుపచ్చ రింగు, బ్రౌన్ పేపర్ మీద బ్రౌన్ పేపర్ అన్నమాట. మన డైరెక్టర్లు మాత్రం ఇంకా దిండే ఎత్తుతున్నారు.

కాబట్టి చిన్న రిక్వెస్ట్. వచ్చే సినిమాలో నాన్నగారు మిమ్మల్ని తెరిచే టైమ్‌కి దయచేసి ఖాళీగా ఉండండి. ఆ ఎకో గొంతుని కూడా ఆ రోజుకి సెలవు పెట్టమనండి. ఏమవుతుంది, ఆయన పేజీలు తిప్పి తిప్పి, విసుగొచ్చి, అమ్మాయినే పిలిచి కూర్చోబెట్టి అడగాల్సొస్తుంది, ఆమె చెప్పొచ్చు, చెప్పకపోవచ్చు, క్లైమాక్స్ ఓ పావుగంట లేటవుతుంది, మేం ఇంకో పాప్‌కార్న్ కొనుక్కుంటాం.

ఇట్లు,
బాల్కనీ టికెట్ కొన్న ఒక ప్రేక్షకురాలు