సవరణ: జపాన్ యువత, వ్యక్తిత్వ వికాస పుస్తకాలు

జపాన్ యువతలో వ్యక్తిత్వ వికాస పుస్తకాలకున్న ఆదరణ గురించి గతవారం రాస్తూ, ఆ అలవాటు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా పుస్తకాల అనువాదాలతో మొదలైందని పేర్కొన్నాను. అది తప్పు.

స్కాట్లండ్‌కు చెందిన శామ్యూల్ స్మైల్స్ 1859లో వెలువరించిన ‘సెల్ఫ్ హెల్ప్’ను, విద్యార్థి బృందం వెంట 1866లో బ్రిటన్ వెళ్లి 1868లో తిరిగివచ్చిన జపాన్ పండితుడు నకమురా మసనావో జపనీస్‌లోకి అనువదించగా, అది 1871లో ‘సైగొకు రిష్షి హెన్’ పేరుతో అచ్చయి, మెయిజీ కాలపు (1868–1912 మధ్య, మెయిజీ చక్రవర్తి పాలనలోని) యువకులు విస్తృతంగా చదివిన పుస్తకాల్లో ఒకటైంది. కొన్ని పాఠశాలల్లో దాన్ని నీతి పాఠంగానూ బోధించారు. యోధ వర్గమైన సమురాయ్‌లకు పుట్టుకతో వచ్చే హోదాలు కూలిపోతున్న ఆ రోజుల్లో, సొంత కృషితో ఎవరైనా పైకి రావచ్చన్న మాట ఆ యువకులకు ఎంత కొత్తగా వినిపించిందో ఊహించవచ్చు. అన్నట్టు, మూలగ్రంథం కూడా లీడ్స్ నగరంలోని శ్రామిక యువకులకు స్మైల్స్ చేసిన ప్రసంగాల నుంచి పుట్టినదే.

మెయిజీ కాలపు విద్యాచరిత్ర గ్రంథాల్లో ఇది తెలిసిన విషయమే. యుద్ధానంతర ప్రచురణలపై వచ్చిన ఒక్క వ్యాసాన్నే నమ్ముకుని రాయడం నా పొరపాటు. ఆ రచనలో ‘మొదలైంది’ అన్నచోట ‘మళ్లీ ఊపందుకుంది’ అని చదువుకోగలరు.