కాగితం చూపించమనడం పరువు తక్కువ పని కాదు

ఒడిశాలో ఉన్న మన తెలుగువాళ్లలో కనిపించే ఒక అలవాటు గురించి ఈసారి సూటిగా రాయాలనుకున్నాను. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం, ఊరు ఏదైనా సరే, అప్పు వసూలు చేసే రికవరీ వాళ్లు గుమ్మం ముందు బైక్ ఆపి గొంతు పెంచగానే ఇంట్లో పెద్దవాళ్ల నోట వచ్చే మొదటి మాట "ఎంతో కొంత ఇచ్చి పంపించెయ్యండి, వీధిలో పరువు పోతోంది" అని. ఆ అప్పు నిజంగా మనదేనా, ఎప్పుడో తీరిపోయిందా, ఇప్పుడు అడుగుతున్న మొత్తం ఏ లెక్కన వచ్చింది, ఇవన్నీ తర్వాత చూద్దాం అంటారు. చాలా ఇళ్లలో ఎవరూ చూడరు. బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకి ఫోన్ వెళ్తుంది, అమ్మానాన్నల టెన్షన్ వినలేక వాళ్లు రాత్రికి రాత్రి డబ్బు పంపేస్తారు. తీసుకున్న అప్పు తీర్చాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ లెక్క తేలని అప్పుకి కాగితం చూడకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

పర్లాకిమిడి దగ్గర పల్లెలో మా పిన్నికి జరిగింది చెప్తాను. గ్రూపు లోను తీసుకుంది, వారం వారం సెంటర్ మీటింగులో కిస్తీ కట్టింది, ఆఖరివి కూడా కట్టేశాననే మొదటి నుంచీ చెప్తోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఇంట్లోకి నీళ్లొచ్చి లోను కార్డుతో సహా కాగితాలన్నీ పోయాయి. డబ్బు వసూలు చేసిన కుర్రాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఏళ్లు గడిచాక ఇంకొకతను వచ్చి "మౌసీ, నీ పేరు మీద బాకీ ఉంది" అని ఒడియాలో మొదలుపెట్టి, ఫోన్‌లో ఏదో అంకె చూపించి, తీసుకున్నదానికన్నా ఎక్కువే అడిగాడు. పిన్ని ఇవ్వనంటే పక్కింటి వాళ్లతో చెప్పాడు, సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తున్న తమ్ముడికి ఫోన్ చేశాడు. చివరికి ఏదో దయ తలచినట్టు "పోనీ ఈరోజు ఐదొందలు ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టు, మిగతాది మెల్లగా చూద్దాం" అన్నాడు.

ఆ ఐదొందల దగ్గరే మనవాళ్లు దొరికిపోతారు. మామూలు అప్పు మీద కోర్టుకి వెళ్లడానికి 1963 నాటి లిమిటేషన్ చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. ఆ గడువు లోపల బాకీ ఉందని రాసి సంతకం పెట్టినా, సంతకంతో కొంత కట్టినా మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. గడువు దాటిపోయాక కూడా, కడతానని రాసి సంతకం చేస్తే అది కొత్త ఒప్పందంగా చెల్లుతుంది. అంటే లేని బాకీకి, లేదా కాలం చెల్లిన బాకీకి మనమే ప్రాణం పోసినట్టు. పిన్ని సంతకం పెట్టలేదు, చదవడం రాని కాగితం మీద పెట్టనంది, ఆ ఒక్క పట్టుదలే ఆవిణ్ని కాపాడింది.

తర్వాత మేం చేసింది పెద్ద పనేమీ కాదు. అప్పు ఒప్పుకోవడం లేదని, లోను పత్రం కాపీ, మొదటి నుంచి కట్టిన కిస్తీల పూర్తి స్టేట్‌మెంట్ ఇవ్వాలని, అప్పు ఇంకో కంపెనీకి అమ్మేసి ఉంటే ఆ బదిలీ పత్రం కూడా చూపించాలని బ్రాంచికీ, హెడ్ ఆఫీసుకీ స్పీడ్ పోస్టులో ఉత్తరం రాశాం, రసీదు దాచాం. స్టేట్‌మెంట్ వచ్చింది. అందులో ఆఖరి కిస్తీలు లేవు, అదే గ్రూపులో ఇంకో ఇద్దరి కార్డుల్లో మాత్రం ఆ వారాల్లో అదే కుర్రాడి సంతకాలున్నాయి. ఆ కార్డుల నకళ్లు జతచేసి మళ్లీ రాస్తే, బాకీ లేదని వాళ్లే కాగితం ఇచ్చారు.

ఈ ధైర్యం మనకి ఊరికే రావాల్సిన పని లేదు, రూల్స్ మనవైపే ఉన్నాయి. మైక్రోఫైనాన్స్ లోన్ల మీద, అంటే పిన్ని తీసుకున్నలాంటి చిన్న లోన్ల మీద, రిజర్వ్ బ్యాంకు (ఆర్బీఐ) 2022 మార్చిలో ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు, బంధువుల్నీ స్నేహితుల్నీ తోటి పనివాళ్లనీ వేధించకూడదు, ఏజెంటు తన గుర్తింపు కార్డు, అనుమతి పత్రం దగ్గర ఉంచుకోవాలి. అప్పు మీద ఫిర్యాదు నడుస్తుంటే, అది ఊరికే విసిగించడానికి పెట్టిందని రుజువుంటే తప్ప, తేలేదాకా ఆ కేసుని రికవరీ ఏజెంట్లకి ఇవ్వొద్దని బ్యాంకులకి 2008లోనే చెప్పారు. కంపెనీ 30 రోజుల్లో జవాబివ్వకపోతే ఫిర్యాదులు తేల్చే ఆర్బీఐ అధికారి అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు, ఫీజు లేదు, వివరాలకి 14448 నంబరుకి ఫోన్ చేయండి.

భాష సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే అసలు తగాదాలు చాలావరకు అక్కడే పుడతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పటి నుంచి మనం ఇటువైపే ఉన్నాం, బజార్లో ఒడియా, ఇంట్లో తెలుగు. గోపాల్‌పూర్ తీరంలో చేపలమ్మే మన ఆడవాళ్లకి ఇంగ్లీషు కాగితం ఇచ్చి వేలిముద్ర తీసుకుంటే అందులో ఏముందో వాళ్లకెలా తెలుస్తుంది? "ఒడిశాలో ఉంటే ఒడియా కాగితమే" అని దబాయిస్తారు కొందరు. ఆర్బీఐ రూల్ రాష్ట్రం భాష అనలేదు, లోను ఒప్పందం, లోను కార్డు అప్పు తీసుకున్న మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలంది. తెలుగు కాగితం అడగండి, ఇవ్వకపోతే ఆ సంగతే ఫిర్యాదులో మొదటి లైనుగా రాయండి.

ఇక జైలు బెదిరింపు. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు, అది సివిల్ వ్యవహారం. చెక్కు ఇచ్చి అది బౌన్స్ అయితే మాత్రం కేసు పెట్టొచ్చు, కాబట్టి తగాదాలో ఉన్న బాకీకి చెక్కు రాసివ్వకండి. లోక్ అదాలత్ నోటీసు వస్తే భయపడొద్దు, అలాగని పక్కన పడేయొద్దు. అక్కడ మీకు ఇష్టం లేకుండా రాజీ జరగదు, కానీ ఒకసారి సంతకం చేసిన రాజీ మీద అప్పీలు ఉండదు. వెళ్లేముందు జిల్లా న్యాయ సేవా సంస్థలో వకీలుని అడగండి, ఆడవాళ్లకీ ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఈ సాయం ఉచితం.

బయట ఉన్న పిల్లలకి ఒక మాట: ఇంటి నుంచి ఫోన్ వచ్చినప్పుడు డబ్బు కన్నా ముందు స్టేట్‌మెంట్ ఫొటో పంపమనండి, ఆ ఉత్తరం మీరే టైప్ చేసి పంపండి. మన తెలుగు సంఘం ఉగాదికి, సంక్రాంతికి బాగా ఖర్చు పెడుతుంది, నాకు సంతోషమే, కానీ నెలకి ఒక ఆదివారం సంఘం హాల్లో ఒక బల్ల వేసి, ఒడియా, ఇంగ్లీషు రాయగలిగినవాళ్లు ఇద్దరు కూర్చుంటే ఎంతమంది పిన్నులకి ఉత్తరాలు రాసిపెట్టొచ్చో ఆలోచించండి. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెట్టమని కార్యదర్శి గారిని అడుగుతున్నాను. పర్లాకిమిడిలో ఆ బల్ల దగ్గర కూర్చునే పని నేను తీసుకుంటాను, బరంపురానికీ రాయగడకీ పేర్లు ఇవ్వండి.