లారీ ప్రమాదాల్లో బాధ్యత ఎవరిది? వాట్సాప్ సందేశానికి ఖండన

లారీ ప్రమాదాల పరిహారం గురించి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం ఒకటి అయిదు మాటలు చెబుతోంది: బాధ్యత డ్రైవర్ ఒక్కడిదే, ఆగి ఉన్న లారీని వెనుక నుంచి ఢీకొంటే తప్పు ఢీకొన్నవారిదే, డ్రైవర్‌కు సరైన లైసెన్సు లేకపోతే బీమా పైసా రాదు, లారీ ఎక్కి ప్రయాణించినవారికి పరిహారం ఉండదు, గుద్దిన లారీ దొరక్కపోతే అంతటితో సరి. వీటిలో నాలుగో మాట సగం నిజం, మిగతావి తప్పు. మనిషిని పోగొట్టుకున్న కుటుంబం వీటిని నమ్మితే, స్టేషన్ దగ్గర ఓనర్ తరఫువాళ్లు చేతిలో పెట్టింది తీసుకుని, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ గడప తొక్కకుండా ఊరుకుంటుంది కాబట్టి జవాబు చెప్పక తప్పదు.

మొదటి మాట శిక్షనూ పరిహారాన్నీ కలిపేస్తోంది. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీసినందుకు క్రిమినల్ కేసు డ్రైవర్ మీద నడుస్తుంది. పరిహారం దగ్గరికి వస్తే, పనిలో ఉన్న డ్రైవర్ చేసిన తప్పుకు ఓనర్ బాధ్యుడు. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా (బండి వల్ల నష్టపోయే ఇతరుల కోసం తీసుకునే బీమా) కారణంగా ఆ భారం బీమా కంపెనీ మీద పడుతుంది. ‘లారీ ఎప్పుడో అమ్మేశాను’ అన్నా కుదరదు. ఆర్సీ ఎవరి పేరున ఉందో వారే ఓనర్ అని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. ఫైనాన్స్‌లో కొన్న బండికి మాత్రం అప్పిచ్చిన సంస్థ కాక, ఒప్పందం ప్రకారం బండిని చేతిలో ఉంచుకున్న వ్యక్తే ఓనర్ అవుతాడు.

రెండో మాట అన్నిటికంటే ఎక్కువ అన్యాయం చేస్తోంది. రాత్రిపూట హైవే మీద చెడిపోయిన లారీని చూడండి: పార్కింగ్ లైట్లు వెలగవు, వెనుక రిఫ్లెక్టర్ స్టిక్కర్ మట్టి పట్టి కనిపించదు, ఎర్ర త్రికోణపు హెచ్చరిక బోర్డు ఉండవలసిన చోట నాలుగు రాళ్లూ ఒక చెట్టుకొమ్మా పడి ఉంటాయి. ఎదుటి బండి లైట్లు కళ్లలో పడే క్షణంలో బైకు మీద వచ్చే మనిషికి ఆ కొమ్మ కనిపిస్తుందని ఎలా అనుకోగలం? ఇతరులకు ప్రమాదం కలిగించేలా బండిని వదిలిపెట్టకూడదని చట్టంలోని 122వ సెక్షన్ చెబుతోంది. హెచ్చరిక గుర్తులు లేకుండా హైవే మీద నిలిపిన భారీ ట్రక్కును కారు ఢీకొన్న కేసులో, కారు నడిపిన వ్యక్తికి సగం తప్పు అంటగట్టడాన్ని 2024లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. ప్రతి కేసులోనూ ఇలాగే తేలుతుందని కాదు. వేగం, వెలుతురు, బండి నిలిపిన చోటు అన్నీ చూస్తారు. అందుకే లైట్లు వెలగని ఆ లారీకి ఫొటో తీయడం, పంచనామాలో ఆ సంగతి రాయించడం ఎంతో ముఖ్యం. అలాగే రెండు బండ్ల తప్పూ కలిసి మూడో మనిషికి దెబ్బ తగిలితే, ఆ మనిషి మొత్తం పరిహారాన్ని ఇద్దరిలో ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015 తీర్పు ఉంది.

లైసెన్సు విషయంలో, ముందు బాధితులకు చెల్లించి తరువాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమని బీమా కంపెనీని ఆదేశించే పద్ధతిని సుప్రీంకోర్టు 2004లో ఖాయం చేసింది. పర్మిట్ లేని బండి విషయంలో 2018లో అదే దారి పట్టింది. పైగా మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే రవాణా బండిని లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. తాగి నడపడాన్ని 2019 సవరణ బీమా కంపెనీ చెప్పుకోగల అభ్యంతరాల్లో చేర్చింది కాబట్టి అలాంటి కేసుల్లో కంపెనీ గట్టిగానే వాదిస్తుంది, అయినా ఓనర్ బాధ్యత ఎక్కడికీ పోదు.

సగం నిజమని చెప్పింది నాలుగో మాట గురించి. సరుకు బండిలో ఊరికే ఎక్కినవారికి తప్పనిసరి బీమా వర్తించదని 2003లో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాస్తవం, అది ఎందరో కూలీల కుటుంబాలకు చేదు వాస్తవం. కానీ సరుకు యజమానికి, అతని తరఫున సరుకుతో వెళ్లేవారికి 1994 సవరణ రక్షణ ఇచ్చింది. మిర్చి బస్తాలతో గుంటూరు యార్డుకు వెళ్లే రైతు ఊరికే ఎక్కినవాడు కాడు. లోడు అతనిదేనని చూపే కాగితం పోకుండా దాచాలి. డ్రైవర్, క్లీనర్ల సంగతి వేరు: లారీ ఒక్కటే బోల్తాపడి డ్రైవర్ చనిపోయినా, తప్పు అతనిదేనని తేలినా, అతని కుటుంబం ఉద్యోగుల పరిహార నిబంధనల కింద అడగవచ్చు. మరో లారీ తప్పు కూడా ఉంటే ఈ నిబంధనలు, ట్రిబ్యునల్ అనే రెండు దారుల్లో ఒకదాన్నే ఎంచుకోవాలి.

లారీ దొరక్కపోతే, 2022 ఏప్రిల్ 1 తరువాతి ప్రమాదాల్లో మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. బండి దొరికితే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ప్రమాదం నాగపూర్ దగ్గర జరిగినా శ్రీకాకుళంలో నివసించే కుటుంబం సొంత జిల్లాలోనే దరఖాస్తు వేయవచ్చు. అయితే అదే 2022 ఏప్రిల్ నుంచి అమలైన సవరణ ఈ దరఖాస్తుకు 6 నెలల గడువు పెట్టింది కాబట్టి, చార్జిషీటు కోసం ఎదురుచూడకుండా ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం నివేదిక చేతికి రాగానే వకీలును కలవాలి.